బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ): కాలేజీ మంచిదో కాదో బయటోళ్లం ఎట్ల తెలుసుకోవాలె?

పరకాల_చిన్నాయిన:

అందరికీ నమస్తే. మా అన్న బిడ్డ ఇంటర్ బైపీసీ అయిపోయింది. మార్కులు మంచిగనే వచ్చినయి గని నీట్‌ల సీటు వచ్చే ర్యాంకు రాలే. నర్సింగ్, ఫార్మసీ వద్దంటున్నది. హనుమకొండల ఒక కాలేజోళ్లు బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చెయ్యమంటున్నరు. మూడేండ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. "డాక్టర్ పక్కన డాక్టర్ లెక్క పని, వంద శాతం ఉద్యోగం, అమెరికాల మస్తు డిమాండ్" అంటున్నరు. సోమవారంలోపు అడ్వాన్స్ కట్టకుంటే సీటు పోతదని రోజూ ఫోన్లు చేస్తున్నరు.

ఆన్‌లైన్ల రివ్యూలు చూస్తే సగం అయిదు స్టార్లు, సగం ఒక్క స్టార్. ఏది నమ్మాలె? కోర్సు మంచిగ చెప్తున్నరా లేదా అన్నది ఏ కాగితాలు చూస్తే తెలుస్తది, ఎవ్వరిని ఏమడగాలె? చదువు అయినంక ఆ పిల్ల ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యరాదు? ఈ పని తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పున్రి.

ఏహెచ్ఎస్_లెక్చరర్:

అన్నా, ముందు ఆ సోమవారం సంగతి. అడ్వాన్స్ కట్టకండి. అడ్మిషన్లకు చివరి తేదీ ప్రకటించేది యూనివర్సిటీ, అది నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఫోన్‌లో చెప్పే గడువుకు విలువ లేదు. కన్వీనర్ కోటా అయినా మేనేజ్‌మెంట్ కోటా అయినా ఇదే మాట.

కోర్సు నిజమైనదే. మన దేశంలో దీన్ని 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదలుపెట్టారు. బైపాస్ సర్జరీల్లో సర్జన్‌కు శిక్షణ పొందిన చేయి ఒకటి తోడుండాలన్నది అప్పటి అవసరం. ఇప్పటికీ కార్డియాక్ యూనిట్లలోనే పీఏ అంటే ఎవరో అందరికంటే బాగా తెలుసు. చట్టంలోకి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్లో ఈ వృత్తి "ఫిజీషియన్ అసోసియేట్" పేరుతో ఉంది. కాబట్టి ఒక కాలేజీ అసిస్టెంట్ అని, ఇంకో కాలేజీ అసోసియేట్ అని రాసిందని కంగారు పడొద్దు. 2025లో ఆ కమిషన్ కొన్ని వృత్తులకు నమూనా పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది, అందులో ఇదీ ఒకటి. "మీరు నడిపేది పాత సిలబసా, కమిషన్ సిలబసా? మా అమ్మాయి బ్యాచ్‌కు ఏది వర్తిస్తుంది?" అని ప్రిన్సిపాల్‌నే అడగండి. జవాబు తడబడకుండా రావాలి.

ఇక కాగితాలు. డిగ్రీ ఎవరు ఇస్తారు? ఇదే మొదటి ప్రశ్న. మన రాష్ట్రంలో ఆరోగ్య కోర్సులకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఇస్తుంది. ఆ యూనివర్సిటీ అలైడ్ హెల్త్ సైన్సెస్ (డాక్టర్, నర్సు కాని ఆరోగ్య వృత్తుల) నోటిఫికేషన్ తెరిచి, వెనక జత చేసిన కాలేజీల జాబితాలో ఈ కాలేజీ పేరు, దాని ఎదురుగా ఇదే కోర్సు పేరు, సీట్ల సంఖ్య, ఈ మూడూ ఒకే వరుసలో ఉన్నాయేమో చూడండి. కాలేజీ పేరు ఉండి కోర్సు పేరు లేకపోవడం మామూలుగా జరిగే మోసం. అదే కాలేజీకి ల్యాబ్ టెక్నాలజీకి అనుమతి ఉంటుంది, ఆ లెటర్‌నే చూపించి పీఏ సీట్లు అమ్ముతారు. అనుమతి పత్రం కింది సంవత్సరం కూడా చదవండి. చాలా అనుమతులు ఏ ఏటికి ఆ ఏడు పొడిగించుకోవాలి.

డిగ్రీ వేరే రాష్ట్రం ప్రైవేట్ యూనివర్సిటీది అంటే అక్కడితో ఆపేయండి. యూజీసీ 2003 నిబంధనల ప్రకారం ప్రైవేట్ యూనివర్సిటీ కాలేజీలకు అనుబంధం ఇవ్వడానికి వీల్లేదు. హనుమకొండలో "స్టడీ సెంటర్" పెట్టి ఎక్కడో ఉన్న ప్రైవేట్ యూనివర్సిటీ పట్టా ఇప్పిస్తామంటే ఆ పట్టా వెరిఫికేషన్‌లో నిలబడదు. దూరవిద్య మాట వస్తే అసలే వద్దు. 2021 చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని 2025లో యూజీసీ స్పష్టంగా ఆపేసింది.

కాగితాలు సరిపోయాయనుకుందాం. చదువు నాణ్యత తేల్చేది మాత్రం లాగ్‌బుక్. మూడో ఏడాది చదివే విద్యార్థి లాగ్‌బుక్ ఒకటి చూపించమని అడగండి. నిజమైన లాగ్‌బుక్‌లో ఒక్కో వరుసలో తేదీ, రోగి ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), వయసు, జబ్బు, విద్యార్థి ఏం చేశాడు, పక్కన డాక్టర్ సంతకం ఉంటాయి. "ఏం చేశాడు" అన్న గడిలో మూడు మెట్లుండాలి: చూశాడు, సాయం చేశాడు, పర్యవేక్షణలో తానే చేశాడు. మొదట్లో అన్నీ "చూశాడు" ఉండి, నెలలు గడిచేకొద్దీ మూడో మెట్టు పెరుగుతూ రావాలి. వేర్వేరు పెన్నులు, వేర్వేరు సంతకాలు, ఒకటీ అరా కాఫీ మరక, కొట్టివేతలు ఉంటే అది వార్డులో రాసింది. ఆరు నెలల పేజీలన్నీ ఒకే ఇంకుతో, ఒకే సంతకంతో, ఐపీ నంబరు గడి ఖాళీగా ఉంటే పరీక్షల ముందు రాత్రి హాస్టల్లో కూర్చుని నింపినట్టు. అలాంటి పుస్తకం కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు.

రెండోది, పాఠం చెప్పేవాళ్లు. అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ ఎవరు చెప్పినా సబ్జెక్టు వచ్చినవాళ్లయితే చాలు. కానీ క్లినికల్ సబ్జెక్టుల దగ్గర పీఏగా పనిచేసిన అధ్యాపకుడు కనీసం ఒక్కరైనా ఉండాలి, ఎండీ, ఎంఎస్ డాక్టర్లు వారానికి నిర్ణీత గంటలు క్లాసుకు రావాలి. ఫ్యాకల్టీ జాబితాలో కన్సల్టెంట్ల పేర్లు పదిహేను వేసి, టైమ్‌టేబుల్లో ఒక్కరి పేరూ లేకపోతే ఆ జాబితా తనిఖీ కోసం తయారైంది. టైమ్‌టేబుల్ ఫొటో అడగండి, బ్రోచర్ కాదు.

ఫలితాలు చూసేటప్పుడు "పాస్ శాతం" అడిగితే పరీక్ష రాసినవాళ్లలో పాసైనవాళ్ల లెక్క చెప్తారు. మీరు వేరేలా అడగండి: "నాలుగేళ్ల కింద చేరింది ఎంతమంది, అందులో సమయానికి కోర్సు పూర్తిచేసింది ఎంతమంది?" మధ్యలో మానేసినవాళ్లు, బ్యాక్‌లాగ్‌లతో ఆగిపోయినవాళ్లు ఈ లెక్కలోనే బయటపడతారు.

థియేటర్_పీఏ_కరీంనగర్:

లెక్చరర్ గారు కాగితాల సంగతి మంచిగ చెప్పిన్రు. నేను హాస్పిటల్ సంగతి చెప్త. ఎందుకంటే ఈ కోర్సు సగం పుస్తకంల ఉంటది, సగం మంచం పక్కన ఉంటది. మంచం లేని కాలేజీల పీఏ చదువు లేదు.

కాలేజోళ్లు "మాది 300 పడకల హాస్పిటల్" అంటరు. పడకలు లెక్క కాదు, పేషెంట్లు లెక్క. 300 పడకలల్ల 180 నిండినయి అనుకుందం. బ్యాచ్‌కు 60 మంది పీఏ పిల్లలు, సెకండియర్, థర్డియర్, ఇంటర్న్‌లు కలిపితే 180 మంది వార్డులల్ల ఉంటరు. అంటే ఒక్క పేషెంటుకు ఒక్క పీఏ. వాళ్లు గాక నర్సింగోళ్లు, ఓటీ టెక్నాలజీ, డయాలసిస్ పిల్లలు అదే మంచం చుట్టు నిలబడతరు. పేషెంటు ఒక్కసారి హిస్టరీ చెప్తడు, రెండుసార్లు చెప్తడు, మూడోసారి మొఖం తిప్పుకుంటడు. అట్లాంటి కాడ పిల్ల మూడేండ్లల్ల సొంతంగ తీసుకునే హిస్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే 180 మంది పేషెంట్లకు బ్యాచ్‌ల 15, 20 మందే ఉంటే కథ వేరే ఉంటది.

పడకలు నిండినయా లేదా ఎట్ల తెలుసుకోవాలె? పొద్దుగాల పదింటికి ఓపీ కౌంటర్ కాడ కూసొని, పన్నెండింటికి ఓపీ చీటీ నంబరు ఎంతకు వచ్చిందో చూడున్రి. ఓటీ బయట ఆ రోజు లిస్టు బోర్డు ఉంటది, దాని మీద ఎన్ని కేసులు, ఏ ఏ రకాలు ఉన్నయో చూడున్రి. ఇంకోటి: ఆరోగ్యశ్రీ జాబితాల ఆ హాస్పిటల్‌కు ఏ స్పెషాలిటీలు ఉన్నయో చూడున్రి. బ్రోచర్ల "కార్డియాక్ సర్జరీ" అని రాసి, జాబితాల జనరల్ సర్జరీ, ఆర్థో మాత్రమే ఉంటే, పిల్లలు గుండె ఆపరేషన్ ఫొటోల చూసుడే. బయటి నుంచి సర్జన్ ఎప్పుడో ఒకసారి వచ్చి చేసే కాడ గూడ నేర్చుకునుడు కష్టం. ఆయిన తన టీముతోని వస్తడు, కేసు చేస్తడు, పోతడు. ఆపరేషన్ తెల్లారి పేషెంటును చూసుకునుడే పీఏ అసలు పని, అది నేర్పేటోళ్లు అక్కడ ఉండరు.

కాలేజోళ్లు "ఎంజీఎంల (వరంగల్ పెద్ద సర్కారు దవాఖానల) పోస్టింగ్ ఇప్పిస్తం" అంటే అనుమతి కాగితం చూపించుమనున్రి. నిజంగ ఇప్పిస్తే అంతకంటె మంచి బడి ఇంకోటి లేదు. మన దిక్కు పత్తి చేన్లకాడి పురుగుమందు కేసులు, పాముకాట్లు, రోడ్డు యాక్సిడెంట్లు చుట్టుపక్కల జిల్లాలన్నిట్ల నుంచి అక్కడికే వస్తయి.

ఆఖరి సంవత్సరం పిల్లలు ఇద్దరు ముగ్గురిని క్యాంటీన్ కాడ పట్టుకోని ఈ ప్రశ్నలు అడుగున్రి. మీకు జవాబు తెల్వకున్నా సరే, వాళ్లు చెప్పే తీరుల తెలుస్తది.

పాముకాటుకు 20 నిమిషాల రక్తం గడ్డ పరీక్ష ఎట్ల చేస్తరు? మంచిగ నేర్చుకున్న పిల్ల ఇట్ల చెప్తది: 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రంగ, పొడిగ ఉన్న కొత్త గాజు గొట్టంల తీసుకోవాలె, 20 నిమిషాలు కదిలియ్యకుండ పెట్టాలె, తర్వాత ఒక్కసారి వంచి చూడాలె. గడ్డ కట్టకుండ జారితే విషం రక్తంల పనిచేస్తున్నట్టు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతోని కడిగిన గొట్టం పనికిరాదు, రెండిట్ల గూడ మంచి రక్తం గూడ గడ్డ కట్టక తప్పు రిజల్టు వస్తది. మధ్యల గొట్టం ఊపి ఊపి చూసినా పరీక్ష చెడిపోతది. చేత్తోని చేసిన పిల్ల గొట్టం సంగతి ఫస్టు చెప్తది. పుస్తకంల చదివిన పిల్ల 20 నిమిషాలు అన్నదొక్కటే చెప్తది.

బైపాస్ అయిన పేషెంటు ఛాతీ డ్రెయిన్ల నుంచి రక్తం ఎక్కువ పోతే ఎప్పుడు ఫోన్ చెయ్యాలె? గంటకు 200 మిల్లీలీటర్లు దాటి ఆగకుంట పోతుంటే సర్జన్‌కు వెంటనే చెప్పాలె అంటరు. అది అందరు చెప్తరు. మంచి పిల్ల రెండో మాట చెప్తది: ధారగ పోతున్న డ్రెయిన్ ఒక్కసారిగ ఆగిపోయి, బీపీ పడిపోతుంటే అది ఇంకా ప్రమాదం. గొట్టంల గడ్డ అడ్డంపడి రక్తం గుండె చుట్టు నిండి ఒత్తుతుంటది. డ్రెయిన్ ఖాళీగ ఉన్నదని చార్టుల సున్న రాసి కూసున్న మనిషి వల్ల పేషెంటు ప్రాణం పోతది.

కార్డియాక్ పోస్టింగ్ చేసినమంటే కాలు నరం తీసుడు గురించి అడుగున్రి. బైపాస్‌కు కాలులకెల్లి సిర తీసేది చానా కాడ పీఏనే. పక్క కొమ్మలు ఒక్కొక్కటి కట్టాలె, సిరను పట్టకారుతోని నలపరాదు, లీకు చూసేటందుకు సిరింజితోని సెలైన్ ఎక్కిచ్చేటప్పుడు జోరుగ ఒత్తరాదు. ఒత్తితే లోపలి పొర చినుగుతది, అతికిన నరం తొందరగ మూసుకపోతది. షుగర్ పేషెంటుకు కాలు గాయం మానక చీము పట్టుడు ఎక్కువ, అందుకే కుట్లు వేసినంక ఆ కాలును రోజు చూడాలె. ఇవి చెప్పగలిగినోళ్లు ఆ థియేటర్ల నిజంగ నిలబడ్డోళ్లే.

ఇగ ఏం చెయ్యరాదు అన్నది. పీఏ సొంతంగ మందులు రాయరాదు, సొంత క్లినిక్ పెట్టరాదు, పేరు ముందు డాక్టర్ అని రాసుకోరాదు. డాక్టర్ పర్యవేక్షణల హిస్టరీ తీసుకునుడు, రౌండ్ల నోట్స్ రాసుడు, ఆపరేషన్ ముందు పరీక్షలన్ని సరిచూసుడు, ఓటీల అసిస్ట్ చేసుడు, డ్రెస్సింగ్, డ్రెయిన్ తీసుడు, డిశ్చార్జ్ సమ్మరీ తయారుచేసుడు, ఇవి పని. "చదివినంక ఊర్లె ఆర్‌ఎంపీ లెక్క ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు" అని అడ్మిషన్ కన్సల్టెంట్ చెప్తే నమ్మొద్దు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద అది నేరం, ఏడాది దాక జైలు, 5 లక్షల దాక జరిమానా ఉన్నది.

పరకాల_చిన్నాయిన:

అన్నలకు మస్తు థ్యాంక్స్. ఇయ్యాల పొయ్యి చూసొచ్చిన. కాలేజీకి బ్యాచ్‌కు 60 సీట్లు, పక్కనున్న హాస్పిటల్ 150 పడకలు అంటున్నరు. లాగ్‌బుక్ అడిగితే "యూనివర్సిటీకి పంపినం" అన్నరు. యూనివర్సిటీ పేరు అడిగితే అడ్మిషన్ అయినంక చెప్తం అన్నరు. ఫైనలియర్ పిల్లలు క్యాంపస్‌ల కనబడలే, అందరు హైదరాబాద్ హాస్పిటళ్లల్ల ఉన్నరట.

హైదరాబాద్‌ల ఇంకో కాలేజీ ఉన్నది, పెద్ద హాస్పిటల్‌ది. 20 సీట్లే, ఫీజు ఎక్కువ. మా వదిన అమెరికా మాట పట్టుకున్నది. ఇక్కడ చదివి అక్కడ చెయ్యొచ్చా? ఎవరన్న చెప్పగలరా?

డల్లాస్_తెలుగు_పీఏ:

నమస్తే అండి. అమెరికా సంగతి దాపరికం లేకుండా చెప్తాను, ఎందుకంటే ఈ మాట మీద చాలామంది తల్లిదండ్రులు అప్పు చేసి ఫీజులు కడుతున్నారు.

ఇండియా బీఎస్సీ పీఏతో అమెరికాలో పీఏగా పనిచేయడం కుదరదు. ఇక్కడ లైసెన్సు కావాలంటే పాన్స్ అనే జాతీయ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ గుర్తించిన ప్రోగ్రామ్‌లో చదివి ఉండాలి. ఆ గుర్తింపు అమెరికాలోని ప్రోగ్రామ్‌లకే. ఎంబీబీఎస్ వాళ్లకు విదేశీ డిగ్రీతో యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష రాసే దారి ఉంది, పీఏలకు అలాంటి దారి లేదు. మీ వదినగారికి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి.

అమ్మాయి ఇక్కడికి వచ్చి మళ్లీ మాస్టర్స్ చదవాలి. సగటున 27 నెలలు, అందులో దాదాపు ఏడాది క్లినికల్ పోస్టింగ్‌లు. అప్లికేషన్ కాస్పా అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా. విదేశీ మార్కుల జాబితాలను మదింపు చేయించాలి, చాలా ప్రోగ్రామ్‌లు కెమిస్ట్రీ, అనాటమీ వంటి ముందస్తు సబ్జెక్టులు అమెరికా కాలేజీలోనే చదివుండాలంటాయి. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లను తీసుకునే ప్రోగ్రామ్‌లు చాలా తక్కువ. అసాధ్యం అనను, కానీ హనుమకొండ కాలేజీవాళ్లు చెప్పినట్టు నేరుగా వెళ్లే దారి మాత్రం కాదు.

ఇక్కడ ప్రోగ్రామ్ నాణ్యత చూసే పద్ధతి మాత్రం మీకు అక్కడ కూడా పనికొస్తుంది. ప్రతి ప్రోగ్రామ్ తన వెబ్‌సైట్‌లో పాన్స్ ఫలితాల నివేదిక పెట్టి తీరాలి: గత 5 ఏళ్లలో ఒక్కో బ్యాచ్‌లో మొదటిసారే పాసైనవాళ్లు ఎంతమంది అని. దేశ సగటు 90 శాతం పైనే ఉంటుంది. ఏ బ్యాచైనా 85 శాతానికి గానీ అంతకంటే కిందికి గానీ పడిపోతే, ఎందుకు పడిందో ప్రోగ్రామ్ సంజాయిషీ నివేదిక ఇవ్వాలి. అయితే 100 శాతం చూసి మోసపోవద్దు. పక్కనే చేరినవాళ్లు, పూర్తిచేసినవాళ్లు, వెనకబడి కింది బ్యాచ్‌కు మారినవాళ్ల పట్టిక కూడా ఉంటుంది. 40 మందిలో 8 మందిని మధ్యలోనే వదిలించుకుని మిగిలినవాళ్లతో 100 శాతం చూపించిన ప్రోగ్రామ్ కంటే, 40లో 39 మందిని గట్టెక్కించి 95 శాతం తెచ్చుకున్న ప్రోగ్రామ్ నేర్పడంలో మేలు. లెక్చరర్ గారు చెప్పిన "చేరింది ఎంతమంది, పూర్తిచేసింది ఎంతమంది" అన్న ప్రశ్న ఇక్కడ నిబంధనగా ఉంది, అంతే తేడా.

గుర్తింపు హోదా కూడా చూస్తాం. కొత్త ప్రోగ్రామ్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) గుర్తింపు ఉంటుంది. అందులో చదివినా పరీక్ష రాయొచ్చు, కానీ మొదటి బ్యాచ్‌ల మీదే వాళ్లు నేర్చుకుంటారు. ప్రొబేషన్ అంటే లోపాలు దొరికాయి, దిద్దుకోవడానికి గడువిచ్చారని అర్థం. ప్రొబేషన్‌లో ఎక్కువగా కనిపించే కారణాలు అధ్యాపకులు చాలకపోవడం, క్లినికల్ సైట్లు సరిపోకపోవడం, తమ ఫలితాలను తామే విశ్లేషించుకోకపోవడం. పోస్టింగ్ తనంతట తాను వెతుక్కోమని విద్యార్థికి చెప్పడం ఇక్కడ కుదరదు, సైట్ చూపించాల్సిన బాధ్యత ప్రోగ్రామ్‌దే. మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది అదే: ఫైనలియర్ పిల్లలు హైదరాబాద్‌లో ఎక్కడున్నారు, ఎవరి పర్యవేక్షణలో, ఎవరు సంతకం పెడుతున్నారు? ఒప్పందపత్రం లేకపోతే వాళ్లను ఆ ఆసుపత్రిలో ఎవరూ విద్యార్థులుగా చూడరు.

యూకే గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి: అక్కడ 2024 డిసెంబర్ నుంచి పీఏలను జనరల్ మెడికల్ కౌన్సిల్ నియంత్రిస్తోంది. 2025 జూలైలో వచ్చిన లెంగ్ సమీక్ష (ప్రభుత్వం వేయించిన విచారణ), "అసోసియేట్" పేరును తిరిగి "అసిస్టెంట్"గా మార్చాలని, జబ్బేమిటో ఇంకా తేలని రోగులను వీళ్లు నేరుగా చూడకూడదని సిఫార్సు చేసింది. అక్కడ పరిస్థితి ఇంకా కుదుటపడలేదు, దాన్ని నమ్ముకుని ఇండియాలో కోర్సు ఎంచుకోవద్దు.

నియామకాల_డెస్క్_హనుమకొండ:

అన్నా, ఉద్యోగం, డబ్బుల సంగతి నేను చెప్తాను.

"వంద శాతం ప్లేస్‌మెంట్" అంటే ఆఫర్ లెటర్లు చూపించమనండి, పేర్లు చెరిపేసి చూపించినా పర్వాలేదు. మీరు చూడాల్సింది హోదా. "ఫిజీషియన్ అసిస్టెంట్, కార్డియాలజీ" అని ఉంటే అది ఈ చదువుకు వచ్చిన ఉద్యోగం. "ఫ్లోర్ కోఆర్డినేటర్", "ఇన్సూరెన్స్ ఎగ్జిక్యూటివ్", "మెడికల్ రికార్డ్స్" అని ఉంటే ఏ డిగ్రీతోనైనా వచ్చే ఉద్యోగాన్ని ప్లేస్‌మెంట్ లెక్కలో కలిపారు. ఇంటర్న్‌లను కూడా ఇలాగే వాడుకునే చోట్లున్నాయి: ఏడాదంతా ఆరోగ్యశ్రీ ప్రీఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) కాగితాలు అప్‌లోడ్ చేయించడం, బిల్లింగ్ దగ్గర కూర్చోబెట్టడం. ఆ కాగితాల పని పీఏకు కొంత తెలియాలి, కాదనను, కానీ ఇంటర్న్‌షిప్ పోస్టింగ్ షెడ్యూల్లో మెడిసిన్, సర్జరీ, ఎమర్జెన్సీ, ఐసీయూ ఒక్కోదానికి ఎన్ని వారాలో రాసి ఉండాలి. స్టైపెండ్ ఉందో లేదో, ఉంటే ఎంతో కూడా రాతలోనే తీసుకోండి.

మంచి ఆసుపత్రులు చేర్చుకునే ముందు పట్టాను యూనివర్సిటీకి పంపి సరిచూస్తాయి. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపున్న చోట ఎవరికి ఏ పని చేసే అనుమతి ఉందో ఫైలు పెట్టాలి, కాబట్టి లాగ్‌బుక్ కాపీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ రెండూ అడుగుతాం. అడ్మిషన్ అయ్యాక యూనివర్సిటీ పేరు చెప్తామన్న కాలేజీ పట్టాతో వచ్చిన పిల్లలు ఈ దశలోనే ఆగిపోతారు. మీరు చూసొచ్చిన హనుమకొండ కాలేజీని ఆ ఒక్క కారణంతోనే పక్కన పెట్టొచ్చు.

హైదరాబాద్ కాలేజీ ఫీజు ఎక్కువన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకుంటే ముందు తెలంగాణ ఈపాస్ పోర్టల్లో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయేమో వెతకండి. కాలేజీ ఉండి కోర్సు లేకపోతే రాదు. ఉన్నా, ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడు కాలేజీలు ముందు మిమ్మల్నే కట్టమంటాయి, కట్టేదాకా సర్టిఫికెట్లు ఆపుతాయి. ఆ మొత్తం చేతిలో ఉంచుకునే చేరండి. ట్యూషన్ ఫీజు కాకుండా యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు, "క్లినికల్ ఫీజు", యూనిఫాం, హాస్టల్, బస్సు, అన్నీ నాలుగేళ్లకు కలిపి ఒక కాగితం మీద రాయించి ముద్ర వేయించుకోండి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి కూడా ఫీజు తీసుకుంటారా అన్నది చాలామంది అడగడం మరిచిపోతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కౌన్సెలింగ్ నిబంధనల వల్ల ఇవ్వాల్సి వస్తే ఏమేం తీసుకున్నారో రాసిన రసీదు తీసుకోండి.

థియేటర్_పీఏ_కరీంనగర్:

ఇంకొక్కటి, హైదరాబాద్ కాలేజీకి పోయినప్పుడు ఇది తప్పక అడుగున్రి అన్నా. "వార్డులకు పంపే ముందు పిల్లలకు హెపటైటిస్-బి టీకా వేయిస్తరా?" అది 3 డోసులు, మొదటిది వేసినంక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చివరి డోసు అయినంక నెలా రెండు నెలలకు రక్త పరీక్ష చేసి యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందా చూడాలె. అంటే ఫస్టియర్ మొదట్లనే షురూ చేస్తేనే సెకండియర్ పోస్టింగ్ నాటికి రక్షణ ఉంటది. ఇది లెక్కపెట్టి చేసే కాలేజీ మిగతా సంగతులు గూడ లెక్కపెట్టే చేస్తది.

సూది గుచ్చుకుంటే ఏం చేస్తరో గూడ అడుగున్రి. కారుతున్న నీళ్ల కింద సబ్బుతోని కడుగుడు, వేలు పిండొద్దు, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పుడు, పేషెంటు రక్తం పరీక్షకు పంపుడు. హెచ్‌ఐవీ మందు అవసరమైతే ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు, మొదలుపెట్టినంక 28 రోజులు వాడాలె. ఆ మందు ఆ హాస్పిటల్ల రాత్రి రెండింటికి ఎవరి కాడ దొరుకుతదో ఒక పేరో, ఒక గది నంబరో వెంటనే చెప్పాలె. "ఇక్కడ ఎవ్వరికీ గుచ్చుకోలే" అంటే రిజిస్టర్ లేనట్టు. పిల్ల బట్టలు సర్దకముందే టీకా మొదటి డోసు పరకాలలనే వేయించున్రి, కార్డు మీద తేదీ రాయించి పంపున్రి.